పిట్టగోడ కట్టమన్న దేవుడు



కువైట్‌లో ఉన్న మనవాళ్ళకీ, ఊళ్ళో ఉండి మా పోస్టులు చదివే అన్నలకీ, అక్కచెల్లెళ్ళకీ ఈ వారం కొంచెం పెద్దదే రాస్తున్నాం. శుక్రవారం సెలవే కదా, టీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. మాది పదో తరగతి చదువు. ఇందులో రాసేవి ఇరవై ఏళ్ళుగా ఇక్కడి కూడికల్లో విన్నవి, అయ్యగార్లని అడిగి తెలుసుకున్నవి, రాత్రిళ్ళు బైబిలు తిరగేసి చూసుకున్నవి. ఇక సైటు సంగతులంటారా, అవి మా చేతుల్లో ఉన్నవే.

ఎవరైనా పోయినప్పుడు మనుషులు అనే మాటలు కొన్ని ఉన్నాయి. హిందూ సోదరులు "తలరాత" అంటారు. సైటు మీద పాకిస్తాన్ మేస్త్రీలు "నసీబ్" అంటారు. విశ్వాసులం మనం "దేవుని చిత్తం", "ప్రభువు పిలుచుకున్నాడు" అంటాం. మాటలు వేరు గానీ అవి చేసే పని చాలాసార్లు ఒకటే. ఆ మాట అనేశాక ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, మిగిలినవాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు.

రెండేళ్ళ కిందట మా పక్క రూములో ఉండే తమ్ముడు ఒకడు సైటు మీద పడి చనిపోయాడు. మా సైటు కాదు, వేరే కంపెనీ. ఐదో అంతస్తు స్లాబులో పైపులు దిగే డక్టు కోసం వదిలిన ఖాళీ ఉంది. దాని మీద ప్లైవుడ్ ముక్క పడేసి ఉంది. మేకు కొట్టలేదు, రంగు వెయ్యలేదు, చుట్టూ అడ్డం కట్టలేదు. చూసేవాడికి అది నేల మీద పడున్న మామూలు చెక్క. ఆ తమ్ముడు చేతుల్లో సామాను పట్టుకుని దాని అంచు మీద కాలు వేశాడు. చెక్క లేచింది, మనిషి కిందికి వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. ఊళ్ళో భార్య, ఏడో తరగతి చదివే పాప.

ఆదరణ కూడిక పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళందరూ మంచివాళ్ళే, ప్రేమతో వచ్చినవాళ్ళే. అందరూ ఆ మాటే అన్నారు, ప్రభువు పిలుచుకున్నాడని. ఆ కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా, ఆయన మన మతం కాకపోయినా, తల ఊపి అలాంటి మాటే అన్నాడు. ఆయన నోట విన్నాక ఆ మాట మాకు గొంతు దిగలేదు.

తర్వాత రెండు ప్రశ్నలు వచ్చాయి మా దగ్గరికి.

మొదటిది ఆ తమ్ముడి భార్య నుంచి. ఫోనులో ఏడుపు ఆపుకుని అడిగింది. "అన్నయ్యా, దేవుడికి ముందే తెలుసా? తెలిస్తే పొద్దున్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఎందుకు ఆపలేదు? తెలియకపోతే ఆయన దేవుడెలా అవుతాడు?"

రెండోది అదే సైటులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళ నుంచి. ఆ చెక్కకి మేకు లేదని కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు. కంపెనీ కాగితంలో తప్పంతా చనిపోయినవాడిదే అన్నట్టు రాశారు, చూసుకోకుండా నడిచాడని. పోలీసులు విచారణకి పిలిస్తే ఏమీ తెలియదని చెప్పమని పైనుంచి మాట వచ్చింది. ఇద్దరికీ అకామా రెన్యువల్ దగ్గర పడింది. ఇద్దరికీ ఊళ్ళో అప్పులున్నాయి. వాళ్ళలో ఒకడు అన్నాడు. "అన్నా, ఈ కేసు ఏమవుతుందో దేవుడికి ఇప్పటికే తెలుసు కదా. ఆయనకి తెలిసినట్టే జరుగుతుంది. మేము చెప్పినా అంతే, చెప్పకపోయినా అంతే. మరి మా కడుపు ఎందుకు కొట్టుకోవడం?"

ఆలోచిస్తే రెండు ప్రశ్నలదీ ఒకే వేరు. దేవుడికి అన్నీ ముందే తెలుసని మనం నమ్ముతాం. మనిషి తను చేసినదానికి లెక్క చెప్పాలనీ నమ్ముతాం. ఈ రెండూ ఒక చోట ఎలా నిలబడతాయి?

మా రూములో ఐదుగురం ఉంటాం. ఒకరు గుంటూరు వైపు లూథరన్. హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం తమదని గర్వంగా చెప్పుకుంటాడు. ఒకరు పాలకొల్లు వైపు బ్రదరన్ సభ. ఒకరు ఆర్‌సీఎం. ఒకరు పెంతెకొస్తు. ఇక మేము, ఎక్కడ వాక్యం బాగుంటే అక్కడికి వెళ్ళే రకం. శుక్రవారం కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణకి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఒక హాల్లో అరబ్బీ, ఇంకో హాల్లో మలయాళం, ఇంకో హాల్లో తెలుగు. మా రూము కూడా చిన్న సైజులో అలాంటిదే. ఈ ప్రశ్న మీద నెల రోజులు రాత్రి అన్నాలయ్యాక మాట్లాడుకున్నాం. ఒకటి రెండుసార్లు గొంతులు లేచాయి కూడా.

లేవడంలో వింత లేదు. మనకంటే ఎంతో చదువుకున్నవాళ్ళు దీని మీద వందల ఏళ్ళు తగవులాడుకున్నారు. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని పుస్తకం రాస్తే, 1525లో మార్టిన్ లూథర్ దానికి జవాబు రాశాడు. రక్షణ విషయంలో మనిషి చిత్తం పాపం చేతిలో బందీ అయిపోయింది, దేవుడే విడిపించాలి అన్నాడు. కాల్విన్ ఇంకా గట్టిగా, ఎవరు రక్షింపబడతారో దేవుడు ముందే నిర్ణయించాడన్నాడు. హాలండ్‌లో అర్మీనియస్ దానికి ఒప్పుకోలేదు, మనిషి కృపను కాదనగలడు అన్నాడు. ఆయన 1609లో చనిపోయాక 1618-19లో డోర్ట్ అనే ఊళ్ళో పెద్ద సభ పెట్టి ఆయన శిష్యుల బోధ తప్పని తీర్మానించారు. అయినా ఆ బోధ ఆగలేదు. ఇంగ్లండులో జాన్ వెస్లీ దాన్నే పట్టుకున్నాడు. కాథలిక్కుల్లోనూ ఇదే గొడవ. 1588లో మొలీనా అనే స్పెయిన్ గురువు రాసిన పుస్తకం మీద ఏళ్ళ తరబడి విచారణ జరిగింది. చివరికి 1607లో పోపు గారు ఎవరిదీ తప్పని తేల్చకుండా, ఒకరినొకరు తప్పుబోధకులని తిట్టుకోవద్దని చెప్పి ముగించారు.

మా ఆర్‌సీఎం సోదరుడు ఇది చెప్పిన రోజు మా రూములో కూడా ఆ తీర్పే అమలు చేశాం.

మేము సైటు మీద చూసేదాంతో మొదలుపెడతాం. ఇరవై ఏళ్ళు ఈ పనిలో ఉంటే కొన్ని ముందే తెలిసిపోతాయి. సపోర్టులు తొందరపడి తీస్తే స్లాబు దిగుతుందని తెలుసు. నీళ్ళు ఎక్కువ కలిపిన కాంక్రీటు 28 రోజుల తర్వాత క్యూబు టెస్టులో ఏం చెబుతుందో పోసేటప్పుడే తెలుసు. ఏ మేస్త్రీ లెవెల్ చూడకుండా టీకి వెళ్తాడో కూడా తెలుసు. మాకు తెలియడం వల్ల అతను వెళ్ళడు. వెళ్ళేది అతనే. తెలియడం వేరు, చేయించడం వేరు. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది.

కానీ మా బ్రదరన్ సోదరుడు ఊరుకోలేదు. "మీది అంచనా. ఒక్కోసారి తప్పుతుంది. దేవుడిది తప్పదు. తప్పని తెలివి ఒకటి ఉన్నాక ఇంకోలా చేసే దారి మనిషికి ఎక్కడ మిగిలింది?" అన్నాడు. అడగవలసిన మాటే అడిగాడు. దీన్ని దాటేసి పోయే బోధకుడి దగ్గర మనం నేర్చుకునేది ఏమీ లేదు.

దీనికి పాతకాలం భక్తులు చెప్పిన జవాబులు రెండు మాకు నచ్చాయి. మొదటిది అగస్టీన్‌ది, క్రీస్తు శకం 354 నుంచి 430 వరకు ఉన్నవాడు. నిన్న జరిగింది నీకు గుర్తుంది, నీ జ్ఞాపకం దాన్ని బలవంతంగా జరిపించిందా? లేదు కదా. దేవుడు రేపటిని తెలుసుకోవడం కూడా అలాంటిదే అంటాడు. రెండోది బోయీతియస్‌ది. ఆయన ప్రభుత్వంలో పెద్ద అధికారి. రాజద్రోహం నింద మీద జైల్లో వేస్తే, మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ పుస్తకం రాశాడు. సుమారు 524లో చంపేశారు. ఆయన చెప్పేది ఏమంటే, దేవుడికి నిన్న, రేపు లేవు. అంతా ఆయన ముందు ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. ఒక మనిషి నడుస్తుంటే మనం చూస్తాం. చూస్తున్నాం కాబట్టి అతను నడవడం లేదు, నడుస్తున్నాడు కాబట్టి చూస్తున్నాం. అలాంటి చూపే ఆయనది.

టవర్ క్రేను ఆపరేటరుని తలచుకోండి. పైన కేబిన్లో కూర్చుంటే ప్రహరీకి అటు వచ్చే లారీ, ఇటు నడిచే మనిషి, ఇద్దరూ ఒకేసారి కనబడతారు. కింద ఉన్నవాళ్ళకి గోడ అడ్డం. ఒకరికి ఒకరు కనబడరు. పైవాడికి ఇద్దరూ కనబడినంత మాత్రాన లారీ నడిపేది వాడు కాదు.

ఈ పోలిక చెప్పి మేము గెలిచామనుకున్నాం. అప్పుడు పెంతెకొస్తు తమ్ముడు, అందరిలో చిన్నవాడు, మెల్లగా అన్నాడు. "అన్నా, క్రేను ఆపరేటరు దగ్గర వాకీటాకీ ఉంటుంది కదా. చూసినవాడు చెప్పాలి కదా."

ఆ రాత్రి ఇంకెవరం మాట్లాడలేదు. ఆ చెల్లెమ్మ అడిగింది అదే. దేవుడు చేయించాడా అని ఆమె అడగలేదు. చూసి ఎందుకు ఊరుకున్నాడని అడిగింది.

అప్పట్నుంచి బైబిల్లో ఒక్కటే వెతికాం. ముందే తెలిసిన దేవుడు తెలిసినదాంతో ఏం చేశాడు?

పేతురు సంగతి చూడండి. కోడి కూయకముందే మూడుసార్లు నన్ను ఎరగనంటావని ప్రభువు ముందే చెప్పాడు. అలాగే జరిగింది. అదే రాత్రి యూదా అప్పగిస్తాడనీ ముందే చెప్పాడు. అదీ జరిగింది. ఇద్దరి సంగతీ ముందే తెలుసు. కానీ లూకా సువార్త 22లో చూస్తే, పేతురుతో చెప్పేటప్పుడు నీ కోసం ప్రార్థన చేశాననీ, నువ్వు తిరిగి వచ్చాక నీ సోదరులని బలపరచమనీ కూడా చెప్పాడు. పడిపోతావని చెప్పిన నోటితోనే లేస్తావని చెప్పాడు. తర్వాత పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడంటే, ఆ ఏడుపు ఎవరూ ఏడిపించింది కాదు, అతనిదే. తిరిగి రావడం కూడా అతనిదే.

సమూయేలు మొదటి గ్రంథం 23లో దావీదు కెయీలా అనే ఊళ్ళో ఉన్నాడు. సౌలు ఇక్కడికి వస్తాడా అని దేవుణ్ణి అడిగాడు. వస్తాడన్నాడు. ఈ ఊరివాళ్ళు నన్ను అప్పగిస్తారా అని అడిగాడు. అప్పగిస్తారన్నాడు. దావీదు తనవాళ్ళు ఆరు వందలమందిని తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయాడు. సౌలు రాలేదు, వాళ్ళు అప్పగించలేదు. దేవుడు చెప్పింది అబద్ధమా? కాదు. ఉంటే ఏమవుతుందో చెప్పాడు. విన్నవాడు లేచి నడిచాడు. తలరాతే అయితే దావీదు కాళ్ళు కదలకూడదు. ఇక్కడ దేవుడికి తెలిసిన సంగతి దావీదు చేతికి వాకీటాకీలా వచ్చింది.

ఇక ఆ కుర్రాళ్ళ కోసం మేము పట్టుకున్నది అపొస్తలుల కార్యములు 27. పౌలు ఖైదీగా రోమాకి వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కింది. ఓడలో 276 మంది. ఎవరి ప్రాణమూ పోదని దూత వచ్చి పౌలుకి మాట ఇచ్చాడు. దేవుడిచ్చిన మాట, తప్పేది కాదు. కానీ ఓడవాళ్ళు దొంగచాటుగా చిన్న పడవ దింపుకుని పారిపోబోతే అదే పౌలు శతాధిపతికి ఏం చెప్పాడు? వీళ్ళు ఓడలో లేకపోతే మీరు బతకరని చెప్పాడు. సైనికులు వెంటనే తాళ్ళు కోసి పడవ వదిలేశారు. చివరికి ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు చెక్కలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. అందరూ బతికారు, దేవుడు చెప్పినట్టే. మరి తాళ్ళు కోయడం దండగా? ఆ 276 మంది ప్రాణాలు దేవుడికి ముందే కనబడినప్పుడు ఆ తాళ్ళు కోసిన చెయ్యి కూడా కనబడింది.

కుర్రాళ్ళకి ఇదే చెప్పాం. "తమ్ముళ్ళూ, కేసు ఏమవుతుందో దేవుడికి తెలుసు, నిజమే. కానీ ఆయనకి తెలిసినదాంట్లో మీరు రేపు పోలీసు దగ్గర ఏం మాట్లాడతారో అది కూడా ఉంటుంది. మీ మాట పక్కన పెట్టేసి కేసు ఒక్కటే ఆయనకి కనబడదు. రేపు చెప్పేది మీ నోరే. ఇంతకంటే మేము బలవంతం చెయ్యం. అకామాలు మీవి, అప్పులు మీవి."

ఒకడు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాడు. ఇంకొకడు వెళ్ళలేదు. వెళ్ళనివాడిని ఇప్పటికీ మా రూములో ఎవరం మాట అనం. వాడి ఇంటి పరిస్థితి మాకు తెలుసు. వెళ్ళినవాడి మాట వల్ల మేకు లేని చెక్క సంగతి కాగితం మీదకి వచ్చింది. ఫైలు ఇంకా నడుస్తోంది. ఏమవుతుందో మనకి తెలియదు, ఆయనకి తెలుసు.

తర్వాత వాడిని అడిగాం, అంత ధైర్యం ఎలా వచ్చిందిరా అని. "నేను కాదన్నా. ఆ గదిలోకి వెళ్ళేసరికి కాళ్ళు వణుకుతున్నాయి. ఆయనే మాట్లాడించాడు" అన్నాడు. అది విని మా లూథరన్ అన్న, బ్రదరన్ సోదరుడు ఇద్దరూ మా వైపు చూశారు, చూశావా అన్నట్టు. చూశాం. వాళ్ళ పక్షంలో ఉన్న నిజం ఇదే. ఫరో హృదయం సంగతి, కుమ్మరి మట్టి సంగతి బైబిల్లో ఉన్నవే, చెరిపేస్తే పోయేవి కాదు. మంచి చేసినవాడు ఎవడూ అది నా గొప్ప అనడు. కృప అనే అంటాడు. కానీ ఇంకో సంగతి కూడా గమనించండి. వెళ్ళనివాడు "దేవుడే నన్ను ఆపాడు" అనలేదు. "భయపడ్డాను" అన్నాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2లో పౌలు ఈ రెండూ పక్కపక్కనే పెట్టాడు. మీ రక్షణ పని మీరు భయంతో కొనసాగించండి, మీలో పనిచేసేది దేవుడే. రెండు మాటల మధ్య "అయినా" అని కూడా పెట్టలేదు, "ఎందుకంటే" అన్నట్టు కలిపాడు. అతికించడం మన వల్ల కాదు గానీ రెండూ ఒకే గోడలో రెండు వరసలు. ఒకటి పీకేస్తే రెండోది నిలబడదు.

ఇప్పుడు మా పనికి సంబంధించిన వాక్యం దగ్గరికి వస్తాం. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం. బైబిలు తెరిచి మీరే చదువుకోండి. కొత్త ఇల్లు కట్టుకుంటే డాబాకి చుట్టూ పిట్టగోడ కట్టమంటుంది. ఎవడైనా అక్కడినుంచి పడితే ఆ రక్తం నీ ఇంటి మీదకి వస్తుంది, అది రాకుండా కట్టు అంటుంది.

ఆ రోజుల్లో వాళ్ళ ఇళ్ళ పైకప్పులు మన ఊళ్ళో డాబాల్లాగే చదునుగా ఉండేవి. రాహాబు వేగులవాళ్ళని దాచింది డాబా మీద ఆరబెట్టిన జనుప కట్టెల కింద. పేతురు యొప్పేలో ప్రార్థనకి ఎక్కింది మిద్దె మీదకే. అంటే మనుషులు తిరిగే చోటు, పడే చోటు. పక్షిగూళ్ళ గురించి, ద్రాక్షతోటలో కలిపి విత్తడం గురించి చెప్పే చిన్న చిన్న ఆజ్ఞల మధ్య ఈ పిట్టగోడ ఉంది. చాలామంది గబగబా చదివేసి దాటిపోతారు. ఇరవై ఏళ్ళు స్లాబుల మీద తిరిగినవాళ్ళం కాబట్టి మేము దాటలేకపోయాం.

ఆలోచించండి. ఈ ఆజ్ఞ ఇచ్చినవాడికి ఏ డాబా మీద నుంచి ఎవడు ఏ రోజు పడతాడో తెలుసు. తెలిసినవాడు "ఎవడు పడాలో నేను చూసుకుంటాను, మీరు ఊరుకోండి" అనలేదు. గోడ కట్టమన్నాడు. కట్టకపోతే ఆ రక్తం నీది అన్నాడు. నా చిత్తం అనలేదు. పడినవాడి అజాగ్రత్త అని కూడా అనలేదు. ఇల్లు ఎవడిదో వాడి మీద పెట్టాడు.

వాకీటాకీ సంగతి అడిగిన తమ్ముడికి మేము చూపించింది ఇదే. మూడు వేల ఏళ్ళకి పైగా ఆ వాకీటాకీ మోగుతూనే ఉంది. స్లాబు అంచు కనబడితే అడ్డం కట్టండి, ఖాళీ కనబడితే మూయండి అని. వినవలసినవాడు వినలేదు.

ఇక్కడ కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలుంది. ఎండదెబ్బ ఎవరికి తగలాలో దేవుడు చూసుకుంటాడులే అని ఆ రూలు పెట్టినవాళ్ళు ఊరుకోలేదు. అదీ ఒక పిట్టగోడే. మేకు కొట్టిన ప్లైవుడ్ ఒక పిట్టగోడ. హుక్కు తగిలించిన బెల్టు ఒక పిట్టగోడ. వాటిని కట్టకుండా వదిలేసి, మనిషి పోయాక "దేవుడి చిత్తం" అనడం భక్తి కాదు. తన లెక్క దేవుడి ఖాతాలో రాసి తప్పుకోవడం.

అయితే ఇదంతా చెప్పినా చెల్లెమ్మ ప్రశ్న పూర్తిగా తీరదు. అది మేము ఒప్పుకుంటాం. తప్పు చేసినవాడు ఒకడు, పోయినవాడు ఇంకొకడు. ఆ ఒక్క రోజు, ఆ ఒక్క అడుగు దేవుడు ఆపగలిగేవాడు కదా? ఎందుకు ఆపలేదో మాకు తెలియదు. తెలుసని చెప్పే బోధకులకి దూరంగా ఉండమనే చెబుతాం.

కానీ ఎవరు ఏమనకూడదో ప్రభువు చెప్పాడు. లూకా 13లో, సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారని ఉంది. కట్టడం కూలి మనుషులు పోవడం, మా పనివాళ్ళకి ఇంతకంటే దగ్గరి సంగతి బైబిల్లో లేదు. ఆ 18 మంది యెరూషలేములో మిగిలినవాళ్ళకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. వాళ్ళు ఎందుకు పోయారో కారణం చెప్పలేదు. బతికున్నవాళ్ళ వైపు తిరిగి, మీరు మారండి అన్నాడు. చనిపోయినవాళ్ళ లెక్క మనల్ని తియ్యమనలేదు, మన లెక్క చూసుకోమన్నాడు.

ఇంకొకటి. లాజరు చనిపోయినప్పుడు యేసు ప్రభువు బేతనియకి వెళ్ళాడు. లాజరుని లేపుతానని ఆయనకి ముందే తెలుసు. బయలుదేరే ముందే శిష్యులకి చెప్పాడు కూడా. కాసేపట్లో లేచి వస్తాడని తెలిసినవాడు సమాధి దగ్గర నవ్వుతూ నిలబడాలి కదా? ఆయన ఏడ్చాడు. మరియ ఏడవడం చూసి ఏడ్చాడు. జరగబోయేది అంతా తెలిసిన తెలివి ఆయన కన్నీళ్ళని ఆపలేదు. మా ఐదుగురిలో ఎవరి సిద్ధాంతమూ ఈ కన్నీళ్ళని లెక్కలో వెయ్యలేదు.

చెల్లెమ్మకి ఫోను చేసి చెప్పినవి మూడే మాటలు. నీ భర్త నీ పాపం వల్లా పోలేదు, తన పాపం వల్లా పోలేదమ్మా. తలరాత అని ఎవరన్నా ఒప్పుకోకు, అక్కడ ఒక మనిషి కొట్టవలసిన మేకు కొట్టలేదు. దేవుడికి ముందే తెలుసు, తెలిసినా నీతో ఏడుస్తాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఆ మేకు కొట్టనివాడిని ఎవరైనా అడుగుతారా అన్నయ్యా?" అంది. అడిగారమ్మా, ఒక కుర్రాడు వెళ్ళి చెప్పాడు అన్నాం. "వాడికి నా వందనాలు చెప్పండి" అంది. చెప్పాం.

ఇంతా మాట్లాడుకుని మా రూములో ఎవరూ సంఘం మారలేదు. లూథరన్ అన్న లూథరనే, బ్రదరన్ సోదరుడు బ్రదరనే. వెస్లీ, వైట్‌ఫీల్డ్ ఈ విషయం మీదే గట్టిగా విడిపోయారు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే లండనులో ఆయన జ్ఞాపకార్థం ప్రసంగం చేసింది వెస్లీయే. మేమూ ఒకే కుక్కర్లో అన్నం తింటున్నాం. ఒక్కదాని మీద మాత్రం ఐదుగురం ఏకమయ్యాం. దేవుడికి తెలుసు అనే మాటని మన పని ఎగ్గొట్టడానికి వాడకూడదు. ఇంకొకడు పని ఎగ్గొట్టినప్పుడు వాడిని కాపాడడానికీ వాడకూడదు.

సైటుల మీద పనిచేసే తమ్ముళ్ళందరికీ ఒక మనవి. స్లాబు మీద ప్లైవుడ్ ముక్క కనబడితే దాని మీద కాలు పెట్టకండి, కింద ఖాళీ ఉందనే అనుకోండి. మేకు లేకపోతే మేస్త్రీకి చెప్పండి, వినకపోతే ఫోర్‌మన్‌కి, వినకపోతే సేఫ్టీవాళ్ళకి. ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. చుట్టూ అడ్డం కట్టించండి, ఎర్ర రంగుతో "కింద ఖాళీ" అని హిందీలో, అరబ్బీలో, తెలుగులో రాయించండి. ఐదు నిమిషాల పని. ప్రార్థన చేసుకుని డ్యూటీకి వెళ్ళండి, వెళ్ళాక బెల్టు హుక్కు తగిలించండి. ఒకటి చేశాం కదా అని రెండోది మానొద్దు.

ఊళ్ళో డాబా వేయిస్తున్నవాళ్ళు కూడా డబ్బులు అయిపోయాయని పిట్టగోడ తర్వాత చూద్దాం అనుకోకండి. పిల్లలు ఎక్కేది ముందు డాబా మీదకే.

మా అభిప్రాయం కాదనేవాళ్ళు కింద రాయండి. వాక్యం చూపించి రాస్తే ఇంకా సంతోషం. తిట్టుకోవడం మాత్రం వద్దు, 1607 నాటి తీర్పు ఇక్కడా అమల్లో ఉంది.